గురుబరపల్లి గుర్రానికి స్కానింగు

గుర్రానికి స్కానింగు చేసి వచ్చానని చెబితే మా కదిరి వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, ఎన్నో నెల అని. మగ గుర్రమన్నాను. అదీ వయసులో ఉన్నప్పుడే విత్తులు తీయించేసిన గుర్రమన్నాను. మరి చూడడానికి లోపల ఏం మిగిలి ఉంటుందని పక్కింటావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నోటితో చెబితే ఎవరైనా సగంలోనే నవ్వేస్తున్నారు. నవ్వే సంగతి కాదు గనుక కూర్చుని రాస్తున్నాను.

నేను ముప్పై మూడేళ్ళు పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషిని. ఆవులకు చూలు చూడడానికి చేతిసంచిలో పట్టే స్కానింగు మిషను ఒకటి కొనుక్కున్నాను. రిటైరైనా దాన్ని మూలన పడేయలేదు, ఎవరు పిలిచినా పోతాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని ఇంట్లో వాళ్ళు అంటారు. కాదనను.

హోసూరు

పిలిచింది వసంత. తిరుపతిలో చదువుకునేటప్పుడు మేమిద్దరం హాస్టల్లో ఒకే గది. ఇప్పుడు హోసూరులో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తోంది. ఆమె ఫోనులో చెప్పింది ఇంతే. కృష్ణగిరి దారిలో గురుబరపల్లిలో ఒక పెండ్లి గుర్రం ఉంది, మూత్రం పోయడానికి అవస్థ పడుతోంది, ఊరేగింపు నుంచి ఇంటికొచ్చాక ఎర్రగా పోస్తోంది, నీ మిషను పట్టుకుని రా. నా దగ్గరికి వచ్చేవన్నీ ఒళ్ళో పట్టేవే, గుర్రం వెనక నిలబడే ధైర్యం నాకు లేదు అంది.

ధైర్యం నాకు మాత్రం ఎక్కడేడ్చింది? ఆవుల్లో ఈ చెయ్యి ఎన్ని వేలసార్లు పెట్టానో లెక్కలేదు. గుర్రాల్లో పెట్టింది వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆవు పేగు ఓర్చుకున్నట్టు గుర్రం పేగు ఓర్చుకోదు. అది బిగబట్టినప్పుడు మనం మొండికేసి చెయ్యి తోస్తే పేగు చిరుగుతుంది, చిరిగితే ఆ గుర్రం దక్కదు. బెంగుళూరు దాటేదాకా బస్సులో ఇదే ఆలోచన.

హోసూరులో దిగి షేర్ ఆటో ఎక్కాను. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఐదుగురు, అందరికీ ఒకే నీలం కోటు. ఒకమ్మాయి ఫోనులో అమ్మతో తెలుగు, పక్కపిల్లతో తమిళం, డ్రైవరుతో కన్నడం మాట్లాడింది, ఎక్కడా తడుముకోలేదు. మా కదిరిలో తెలుగులో ఉర్దూ కలుస్తుంది, అంతకుమించి మాకు చేతకాదు. ఆ పిల్ల నా సంచి చూసి డాక్టరా అని అడిగింది, గుర్రం సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. మా నాయన పెండ్లి మెరవణి కూడా ఆ గుర్రం మిందనే అంట, అది గాకుంటే దాని ముందుదై ఉంటుంది అంది. మెరవణి అంటే ఊరేగింపు. ఆ మాటల్లో పడి స్కానింగుకు రాసే జెల్ సీసా ఆటోలోనే వదిలేసి దిగాను. అది లేనిదే లోపల స్కానింగు జరగదు. వసంత ఇంటికి చేరాక చూసుకుని నన్ను నేను గట్టిగానే తిట్టుకున్నాను.

ఆ రాత్రి వసంత తట్టె ఇడ్లీ తెప్పించింది. పళ్ళెమంత వెడల్పు ఇడ్లీ, ముప్పై రూపాయలకు ఒకటి తింటే కడుపు నిండిపోతుంది. మా వైపు చిన్న ఇడ్లీలు నాలుగు తిన్నా ఇంకొకటి అడుగుతాం. తింటూ వసంత ఇంకో మాట చెప్పింది. గుర్రపాయన పేరు వెంకటేశప్ప. ఆయనకు గుర్రం రోగం కంటే వేరే దిగులు ఎక్కువగా ఉన్నట్టుందట, ఆయన నోటితోనే విను అంది.

కుందారపల్లి

రెండోరోజు పొద్దున కుందారపల్లిలో ఆగాం, జెల్ బదులు పారఫిన్ నూనె కోసం. హైవే పక్కన మందుల షాపు, వెనకే ఇల్లు. మూడు తరాల క్రితం వచ్చి స్థిరపడిన కోమట్లు, ఇంట్లో తెలుగే. రెండు పెద్ద సీసాలు అడిగేసరికి షాపాయన కళ్ళజోడు పైకెత్తి, ఇంతమందికి మలబద్ధకం యాడ వచ్చిందమ్మా అన్నాడు. సంగతి చెప్పగానే ముఖం మారిపోయింది. ఆయన కూతురి పెండ్లికి కూడా తెల్లోడే వచ్చిందట. ఆ గుర్రం పేరు తెల్లోడు. అంత మేళం, అన్ని టపాకాయలు, గుర్రం చెవి కూడా కదపలేదని చెప్పి సీసాలకు డబ్బు తీసుకోలేదు. నేను బలవంతం చేస్తే, దానికి బాగైతే చాలమ్మా అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ వైపు పెండ్లిళ్ళలో గుర్రం ముఖ్యం. మా వైపు కారుకు పూలు కట్టేస్తారు, అయిపోతుంది. ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లవాడైనా ఆ ఒక్క సాయంత్రం గుర్రమెక్కి ఊరు తిరగాలి. జనంలో, ఆడ గుర్రాల పక్కన నిమ్మళంగా నడవాలి గనుక మగ గుర్రానికి విత్తులు తీయిస్తారు.

గురుబరపల్లి

వెంకటేశప్పకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట మెల్లగా. భార్య రత్నమ్మ మాకు చెంబుతో నీళ్ళిచ్చి ముందుగా నా చేతులు చూసింది. పెరట్లో రెండు గుర్రాలు. ఒకటి గోధుమరంగు ఆడ గుర్రం, దాన్ని చిన్నదని పిలుస్తారు. రెండోది తెల్లోడు, పదిహేనేళ్ళది. మేము చూస్తుండగానే వెనక కాళ్ళు దూరంగా పెట్టి, తోక ఎత్తి, మూలుగుతూ ముక్కింది. నాలుగు చుక్కలు పడ్డాయి. వెంకటేశప్ప అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

గుర్రాన్ని నిలువుగా పాతిన రెండు రాతి కూసాల మధ్య నిలబెట్టి, వెనక అడ్డంగా వెదురుబొంగు కట్టించాను. కృష్ణగిరి రాయి, ఏ గుర్రం తన్నినా కదలదు. మత్తు సూది వేసి, తల వాలేదాకా ఆగాల్సిన ఆ కాసేపట్లో ఆయన తన దిగులు చెప్పాడు. నాలుగేళ్ళ వయసులో తెల్లోడిని కట్టి పడేసి విత్తులు తీయించారట. తీసినవాడికి మత్తుమందు తెలియదు, కత్తి మాత్రం తెలుసు.

"వాని మెడ మింద నేనే కూచున్నానమ్మా. నన్ను చూస్తా అరిచినాడు. పదకొండేండ్లయింది, ఆ అరుపు చెవిలోనించి పోలేదు. ఆడ లోపల ఏదో కుళ్ళిపోయి ఉంటుంది. నేను చేయించిన పాపమే ఇట్ల నెత్తురై పోతా ఉంది" అన్నాడు.

డాక్టరుగా ఇలాంటి మాటలు చాలా విన్నాను, మామూలుగా విసుక్కుంటాను. ఆ రోజు విసుగు రాలేదు. చూసి చెబుతానప్పా అన్నాను.

మోచేతిదాకా తొడుగు వేసుకుని, నూనె రాసుకుని, లద్దె మొత్తం తీసేసి, మిషను వైరు చివర ఉండే వేలంత ప్రోబును అరచేతిలో దాచుకుని వెనకనుంచి పేగులోకి పోనిచ్చాను. రెండుసార్లు గుర్రం బిగబట్టింది. రెండుసార్లూ చెయ్యి అలాగే ఆపి, అది వదులయ్యేదాకా నిలబడ్డాను. చెమట కళ్ళలోకి కారుతోంటే వసంత తుడిచింది. వెంకటేశప్ప మిషను తెర మీద నుంచి చూపు తిప్పలేదు. అందుకని ప్రతిదీ ఆయనకు చెబుతూ పోయాను.

లోపలికి పోగానే, మూత్రనాళానికి అటూ ఇటూ రెండు గ్రంథులుంటాయి. విత్తులున్న గుర్రంలో ఉసిరికాయంత ఉంటాయి. తెల్లోడికి చింతగింజంత ఉన్నాయి. ఇంకాస్త లోపల ప్రోస్టేటు, సన్నగా, రెండువైపులా ఒకే తీరుగా ఉంది. దాని మీద ఉండే రెండు సంచులు ముడుచుకుపోయి గీతల్లా ఉన్నాయి. చీము లేదు, వాపు లేదు, గడ్డ లేదు. విత్తులు పోయాక పని లేని ఆ భాగాలన్నీ ఎలా చిన్నవైపోవాలో అలాగే చిన్నవైపోయాయి. కుళ్ళింది ఏదీ లేదు. ఆయన నమ్మడని రెండోసారి మొదటినుంచీ చూపించాను. నీవు చేయించిన దానికీ ఈ నెత్తురికీ సంబంధం లేదప్పా, నీ తప్పు కాదు అని గట్టిగా చెప్పాను.

ఆయన కూసానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. పైగుడ్డ ముఖం మీద వేసుకుని ఏడ్చాడు. రత్నమ్మ దగ్గరికి పోయి నిలబడింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ చెయ్యి గుర్రం లోపలే ఉంది.

అసలు సంగతి ఆ తరువాత కనబడింది. గుర్రం మూత్రం మామూలుగానే సున్నపు నీళ్ళలా మడ్డిగా ఉంటుంది, తెర మీద అది మంచు కురిసినట్టు కదులుతుంది. ఆ మంచు అడుగున మూత్రసంచి మెడ దగ్గర తెల్లటి వంపు, దాని కింద నల్లటి నీడ. రాయి. కోడిగుడ్డు కంటే పెద్దది. సంచి గోడ దళసరిగా అయిపోయి ఉంది. ఆడ గుర్రానికి దారి పొట్టి, వెడల్పు. రాయి చిన్నగా ఉన్నప్పుడే కొన్నిసార్లు పడిపోతుంది. మగ గుర్రానికి ఆ దారి మూరల పొడుగు, సన్నం. గొట్టం వేసి, నిలిచిపోయిన మూత్రాన్ని తీసేశాం. తెల్లోడు పెద్దగా ఊపిరి వదిలింది. ఆపరేషన్ తప్పదు. వసంత అప్పటికప్పుడే పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఫోన్ చేసి ఎల్లుండికి గుర్రాన్ని తీసుకురమ్మనిపించింది.

వసంత హోసూరుకు వెళ్ళిపోయింది. మూత్రం మళ్ళీ నిలుస్తుందేమో చూడాలని నేను అక్కడే ఉండిపోయాను. రత్నమ్మ రాగిముద్ద చేసి, ఉలవలు ఉడికించిన నీళ్ళతో చారు కాచింది. మా ఇంట్లో ముద్దలోకి శెనక్కాయలు నూరిన ఊరిబిండి, వీళ్ళకు ఈ చారు లేకపోతే ముద్ద దిగదు. వెంకటేశప్ప రెండు ముద్దలు తిన్నాడు. నెల రోజుల తరువాత ఈ పొద్దే కడుపునిండా తిన్నాడని రత్నమ్మ నాతో మెల్లగా చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడమెందుకు, చాలా గర్వంగా అనిపించింది.

మూడోరోజు పొద్దున

తెల్లవారి పెరట్లోకి వెళ్ళాను. తెల్లోడి ముందు నీళ్ళ తొట్టి నిండుగా ఉంది. చిన్నదాని తొట్టి బోర్లించి ఉంది. రత్నమ్మ చిన్నదాన్ని దువ్వుతోంది. నీళ్ళు పెట్టలేదేమని అడిగాను. సాయంత్రం కృష్ణగిరిలో పెండ్లి మెరవణి ఉందమ్మా అంది, అంతటితో నాకు అర్థమైపోవాలన్నట్టు. అర్థం కాలేదని మళ్ళీ అడిగాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. మెరవణి రోజు పొద్దుటినుంచే గుర్రానికి నీళ్ళు పెట్టరు. పెండ్లికొడుకు ఎక్కి ఉండగా నడివీధిలో ఉచ్చ పోస్తే జనం నవ్వుతారు, పెద్దోళ్ళు అపశకునమంటారు, మఖ్మల్ గుడ్డ పాడవుతుంది. మిగతావాళ్ళ గుర్రాలు ఎప్పుడో ఒకసారి పోసి పరువు తీసినాయి గానీ, తెల్లోడు పదకొండేండ్లలో ఒక్కసారి కూడా పోయలేదు. ముహూర్తాల నెలల్లో వరసగా పది రోజులు మెరవణి ఉన్నా ఒక్క చుక్క పడలేదు. అందుకే కృష్ణగిరిలో అందరికీ వెంకటేశప్ప గుర్రమే కావాలంట. ఇంటికొచ్చినాక మాత్రం వాడు తాగినన్ని పెడతాము, ఎంత ఆశగా తాగుతాడో అంది, ముద్దుగా.

ముప్పై మూడేళ్ళు కొత్త డాక్టర్లకు చెప్పిన మాట, ముందు నీళ్ళూ మేతా అడగండి, తరువాతే చెయ్యి పెట్టండి అని. నిన్న ఆ మాట నేను అడగలేదు. నా మిషను, నా చెయ్యి, నా భయం, వీటిల్లో పడి అడగడం మరిచాను. మూత్రం చిక్కబడితే సున్నం పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి, ఎండాకాలం ముహూర్తాల్లో, చెమటలు కక్కుతూ, దాహంతో, బిగబట్టుకుని నిలబడిన గుర్రం అది.

చెప్పకుండా బస్సెక్కి వచ్చేయవచ్చు. నీళ్ళొక్కటే కారణమని ఏ డాక్టరూ ఒట్టేసి చెప్పలేడు. గుర్రాలకు సున్నపు గుణం పుట్టుకతోనే ఉంటుంది, నీళ్ళకు లోటు లేని గుర్రానికీ రాయి రావచ్చు. ఆ మాట వెనక దాక్కోవచ్చు. పదకొండేళ్ళ దిగులు నిన్న దించి, ఈ రోజు ఇంకొకటి ఎలా పెట్టను? గంటసేపు తెల్లోడి దగ్గర నిలబడ్డాను. నా ఎదురుగా చిన్నది ఆ బోర్లించిన తొట్టిని ముట్టెతో నెడుతూనే ఉంది. అది చూశాక ఆగలేకపోయాను.

వెంకటేశప్పను పిలిచి చెప్పాను. నీళ్ళొక్కటే కారణమని చెప్పలేనని కూడా చెప్పాను. కానీ కారణాల్లో అదొకటి, చిన్నదానికీ ఇదే గతి పట్టవచ్చు అన్నాను. ఆయన వింటున్నంతసేపూ తలవంచుకుని చిన్నదాని తాడు ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ ఉన్నాడు. ఆ ముడి గట్టిగా బిగించి తల ఎత్తాడు.

"అట్లయితే నిన్న నీ తప్పు లేదని నన్నెందుకు వదిలేసినావమ్మా? పదకొండేండ్లకు ఒక రేయి నెమ్మదిగా నిద్రపోయినాను" అన్నాడు.

అడగాల్సింది అడగలేదప్పా, నా తప్పే అన్నాను. ఆయనకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. నోరు చేసుకోవడం నాకు తెలుసు, ఎదుర్కోవడమూ తెలుసు.

"కోసేటప్పుడైతే అరిచినాడు. దాహమయినప్పుడు అరవలేదు గదమ్మా. అరిచి ఉంటే తెలిసేది" అని, తెల్లోడి మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. రత్నమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయిన వాసన వస్తున్నా ఎవరూ లోపలికి పోలేదు.

కృష్ణగిరి

ముందే చెప్పేస్తాను, తెల్లోడు దక్కలేదు. ఆపరేషన్‌లో రాయి తీశారు గానీ, అప్పటికే చివికిపోయిన మూత్రసంచి కుట్లను నిలుపుకోలేదు. ఆపరేషనైన ఐదోనాడు పోయింది. ఈ సంగతి నాకు ఇంటికొచ్చాక వసంత చెప్పింది. ఆ మూడోరోజు సాయంత్రం మాకెవరికీ ఇది తెలియదు.

నా బస్సు కృష్ణగిరి నుంచి. వెంకటేశప్ప చిన్నదాన్ని వ్యానులో ఎక్కించి, నన్నూ ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఊరి మొదట్లోనే మామిడి వాసన కొట్టింది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మా కదిరిలో మామిడి బుట్టల్లో చూస్తాం. ఇక్కడ లారీలకు లారీలు, తొక్కల కుప్పల మీద ఈగలు. బస్సుకు ఇంకా టైముంది గనుక మెరవణి బయలుదేరే వీధిలోనే దిగాను. నిజం చెప్పాలంటే ఆయనను వదిలి పోవడానికి మనసు రాలేదు.

సాయంత్రం ఐదు గంటలు, ఎండ ఇంకా ఉంది. మఖ్మల్ గుడ్డ కట్టి, నుదుటికి కుచ్చు పెట్టాక, వెంకటేశప్ప పక్క ఇంట్లో బక్కెట్టు అడిగి తెచ్చి చిన్నదాని ముందు పెట్టాడు. పెండ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన అది చూసి, ఏమప్పా ఇది, నీ గుర్రమనే గదా పిలిచినాము అన్నాడు. వెంకటేశప్ప బక్కెట్టును దానికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు. చిన్నది ఊపిరి తిప్పుకోకుండా తాగింది. ఆయన ఇంకో బక్కెట్టు తెచ్చాడు.

పెండ్లికొడుకు ఎక్కాడు, మేళం మొదలైంది. మెరవణి బజారు వీధి సగం దాటిందో లేదో, చిన్నది ఆగిపోయింది. వెనక కాళ్ళు దూరంగా పెట్టింది. వెంకటేశప్పకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆయన చెయ్యెత్తి మేళం ఆపించాడు. పెండ్లికొడుకును గుర్రం నడుము మీద బరువు తగ్గేలా ముందుకు వంగమన్నాడు. ఆ పిల్లవాడు తలపాగా పట్టుకుని మెడ మీదికి వంగాడు. నడివీధిలో, అంత జనం ముందు, మఖ్మల్ అంచు తడుస్తూ గుర్రం మూత్రం పోయసాగింది.

ఎవరో పకపకా నవ్వారు. సన్నాయి ఆయన చెప్పులు తడవకుండా పక్కకు జరిగాడు. మేడల మీద ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ పెద్దమనిషి ముఖం ఎర్రబడి, ఇరవై ఏండ్ల పేరు ఈ పొద్దు మంట్లో కలిపితివి గదప్పా, లాగు దాన్ని, నడిపించు అని తాడు మీద చెయ్యి వేశాడు.

వెంకటేశప్ప ఆయన చేతిని మెల్లగా తీసేశాడు.

"దాహం తీరా తాగింది, పోస్తా ఉంది. అయ్యేదాకా అందరమూ నిలబడదామప్పా" అన్నాడు.

గొంతు పెంచలేదు, తల దించలేదు. చిన్నది పోస్తూనే ఉంది, చాలాసేపు, ధారగా, అడ్డం లేకుండా. ఆయన ఆ ధారనే చూస్తున్నాడు, కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేను జనం వెనక గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. అది ముగించి కాళ్ళు దగ్గరికి తెచ్చుకున్నాక, దాని మెడ తట్టి, మేళం వాళ్ళకు ఆయనే చెయ్యి ఊపాడు.